లాగ్‌బుక్కులో 214, చేతిలో సున్నా: కర్నూలులో ఒక ఇమేజింగ్ విద్యార్థిని పోస్టింగు కేసు

ఎక్స్‌రే, స్కాన్లు తీయడం నేర్చుకునే మా ఇమేజింగ్ విద్యార్థిని లాగ్‌బుక్కు చూడ్డానికి ముచ్చటగా ఉంది. బ్రౌన్ అట్ట వేసి, ఎర్ర ఇంకుతో గీతలు కొట్టి, తేదీ, వయసు, ఆడా మగా, ఏ భాగం, ఎంత కేవీ, ఎంత ఎంఏఎస్ (ఎక్స్‌రే బలం, మోతాదు కొలతలు) అని వరసగా రాసుకుంది. ఆరు వారాల పోస్టింగులో, అంటే ఆస్పత్రిలో పని నేర్చుకునే శిక్షణలో, 214 చెస్ట్ ఎక్స్‌రేలు. ప్రతి పేజీ కింద సంతకం, గుండ్రటి స్టాంపు. కాలేజీకి కావలసింది అంతే. ఇంకెవరైనా అయితే టిక్కు పెట్టి పంపేసేవారు. నేనూ పంపేసేవాణ్ణే. కానీ ఆ రోజు మధ్యాహ్నం ఓపీ పలచగా ఉంది, నాకు తీరిక దొరికింది.

బల్ల మీదున్న సీఆర్ క్యాసెట్, అంటే ఎక్స్‌రే బొమ్మ పడే పలక, చేతికిచ్చి, "చెస్ట్ స్టాండులో పెట్టమ్మా" అన్నాను. పెట్టింది. క్యాసెట్ వీపును ఎక్స్‌రే వచ్చే ట్యూబు వైపు తిరగేసి పెట్టింది. "చెస్ట్ పీఏకి దూరమెంత?" అంటే తడుముకోకుండా "180 సెంటీమీటర్లు సార్" అంది. సరే, ట్యూబును అంత దూరానికి జరపమన్నాను. లాకు ఎక్కడుందో వెతుక్కుంటూ ట్యూబు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"నిజం చెప్పు, వీటిలో నువ్వు తీసినవి ఎన్ని?"

కాసేపు కిటికీ వైపు చూసింది. "ఒగటి గూడా లేదు సార్. మేము పద్నాలుగు మందిమి. గది బయట నిలబడి పేర్లు పిలిచేది మా పని. సాయంత్రం రిజిస్టర్ చూసి అందరం అదే లెక్క రాసుకుంటాండ్య."

పద్నాలుగు లాగ్‌బుక్కుల్లోనూ అవే 214. కలిపితే 2,996 ఎక్స్‌రేలు. తీసినవి 214, అవీ అక్కడి టెక్నీషియన్ తీసినవి.

నేను 19 ఏళ్ళుగా కర్నూలులో రేడియోగ్రాఫర్‌ని. నాలుగేళ్ళుగా ఒక పారామెడికల్ కాలేజీకి పోస్టింగుల వ్యవహారం కూడా చూస్తున్నాను. ఈ అమ్మాయి కేసు రాయడానికి కారణం, ఒక పోస్టింగు చెడిపోయే దారులు దాదాపు అన్నీ ఇందులో తగలడమే. అందులో ఒకటి నా చేతి మీదుగా జరిగింది. ఊరు ఆలూరు వైపు అని మాత్రం చెబుతాను. మా గదుల్లో ఎలాగూ పేర్లు నిలవవు, ఆలూరు పిల్ల, పత్తికొండ పిల్లోడు అనే అంటాం. ఆస్పత్రుల పేర్లు, సెంటర్ల పేర్లు రాయను.

ముందు పరిస్థితి

డీఎంఐటీ, అంటే మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా, రెండేళ్ళ కోర్సు. ఇంటర్ బైపీసీ అయిన పిల్లలు ఎక్కువగా వస్తారు. తరగతిలో అనాటమీ, ఫిజిక్స్ చెప్పగలం గానీ ఎక్స్‌రే గదిని తరగతిలోకి తేలేం. సొంత ఆస్పత్రి ఉన్న కాలేజీకి చిక్కు లేదు. లేని కాలేజీ ఎవరో ఒకరితో ఒప్పందం రాసుకోవాలి. ఆ ఒప్పందంలో విద్యార్థుల సంఖ్య ఉంటుంది, రోజులు ఉంటాయి, కట్టవలసిన డబ్బు ఉంటుంది. పిల్లలు ఏం పని చేయాలన్నది మాత్రం ఉండదు. ఇంతవరకు నేను చూసిన ఒప్పందాల్లో ఒక్కదానిలోనూ లేదు.

కర్నూలులో కేసులకు కొదవ లేదు. ఎన్నో ఏళ్ళుగా మెడికల్ కాలేజీ ఉన్న ఊరు. పెద్దాసుపత్రికి మన జిల్లా వాళ్ళే కాదు, నంద్యాల నుంచి, తుంగభద్ర దాటి గద్వాల వైపు నుంచి, బళ్ళారి, రాయచూరు వైపు నుంచి కూడా వస్తారు. కొరత గదులది. ఒక ఎక్స్‌రే గదిలో ఒక పూట ఇద్దరు నేర్చుకోగలరు. మూడోవాడు చూస్తాడు. నాలుగోవాడు ఫోన్ చూస్తాడు. మిగతా పదిమందీ టెక్నీషియన్‌కి అడ్డం. అతనూ మనిషే, బయట నలభై మంది చీటీలు పట్టుకుని నిలబడి ఉంటే క్యాసెట్ తిప్పి పెట్టిన పిల్లకు పాఠం చెప్పడు. గది బయట పేర్లు పిలవమంటాడు. అందుకే ఆ మొదటి చోటు మీద నాకు కోపం లేదు, పద్నాలుగు మందిని ఒకేసారి పంపిన మా లెక్క మీదే కోపం.

ఇమేజింగ్ వాళ్ళను కూడా కలుపుకుని, వైద్యానికి తోడు పనులు చేసేవాళ్ళ కోసం 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే చదువు 2,000 గంటలకు తగ్గకూడదని, అది రెండు నుంచి నాలుగేళ్ళ మీద ఉండాలని అందులో ఉంది. గంటలు లెక్కపెట్టే కాలం వచ్చిందన్నమాట. గది బయట నిలబడినవి కూడా గంటలేనా అని అడిగేవాళ్ళు ఇంకా రాలేదు.

వయసు, బ్యాడ్జీ

దరఖాస్తు తీసి పుట్టిన తేదీ చూస్తే 17 ఏళ్ళ 9 నెలలు. ఊర్లో ఒక ఏడాది ముందే బడిలో వేశారట. మొదటి పోస్టింగులో ఎవరూ ఈ సంగతి చూడలేదు. చూసి ఉంటే బ్యాడ్జీ సంగతి కూడా బయటపడేది. మెడలో బ్యాడ్జీ ఉందా అని అడిగాను. "ఉండె సార్. గోడకు తగిలించింది ఒగటి. ఎవరు లోపలికి పోతే వాళ్ళు ఏసుకుని పోతాండ్రి."

టీఎల్‌డీ బ్యాడ్జీ అంటే గుర్తింపు కార్డు అనుకునేవాళ్ళు మన ఫీల్డులోనే ఉన్నారు. అందులో ఉండేవి మూడు చిన్న బిళ్ళలు, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను అవి దాచుకుంటాయి. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపితే వేడి చేసి ఎంత దాచుకున్నాయో లెక్క తీస్తారు. రేడియేషన్‌ను ఆపే సీసం ఏప్రాన్ వేసుకుంటే దాని లోపల, ఛాతీ ఎత్తున పెట్టుకోవాలి. పోల్చి చూడటానికి రేడియేషన్ తగలని చోట కంట్రోల్ బ్యాడ్జీ ఒకటి విడిగా ఉంచాలి. పద్నాలుగు మంది మార్చి మార్చి వేసుకున్న బ్యాడ్జీ లెక్క ఎవరిది? ఎవరిదీ కాదు. రేపు అందులో ఎక్కువ చూపిస్తే ఎవరిని అడగాలి?

2004 నాటి రేడియేషన్ ప్రొటెక్షన్ రూల్స్ ప్రకారం 18 నిండనివాళ్ళను రేడియేషన్ పనిలో ఉద్యోగానికి పెట్టుకోకూడదు. 16 నిండనివాళ్ళను ట్రైనీగా కూడా తీసుకోకూడదు. మధ్యలో ఉన్న పిల్లలు నేర్చుకోవచ్చు, కానీ రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ ఏఈఆర్‌బీ పెట్టిన హద్దు వాళ్ళకు ఏడాదికి 6 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలత). మనలాంటి ఉద్యోగులకు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఎక్స్‌రే గదిలో తలుపు మూసి, గోడ చాటున నిలబడి పని చేస్తే ఆరు కాదు కదా, అందులో పదో వంతు కూడా రావడం అరుదు. ఈ రూలు ఆ పిల్లను ఆపడానికి కాదు. ఆమె పేరు మీద ఒక లెక్క తెరవడానికి.

చిక్కు ఎక్కడంటే, ఆ లెక్క తెరిచేది ఎవరు? కాలేజీకి ఎక్స్‌రే మిషన్ లేదు, లైసెన్సు లేదు. ఆస్పత్రిని అడిగితే బ్యాడ్జీలు మా స్టాఫుకే అంటారు. రెండు చోట్ల అలాగే అన్నారు. మూడో చోట రేడియేషన్ భద్రత చూసే ఆఫీసరు (ఆర్‌ఎస్‌ఓ) "పద్దెనిమిది నిండినాక తీసుకు రాన్నా" అన్నాడు. రూలు కాగితం ముందు పెట్టాను. చదివాడు, మళ్ళీ చదివాడు. ఒప్పుకున్నాడు గానీ మూడు షరతులు పెట్టాడు: ఎక్స్‌రేను ఆపకుండా తెర మీద చూసే ఫ్లోరోస్కోపీ గదిలోకి రాకూడదు, వార్డుల్లో మొబైల్ ఎక్స్‌రేకి వెళ్ళకూడదు, ఎవరినీ పట్టుకోకూడదు.

ఆ మూడో షరతు నాకు తోచనందుకు సిగ్గుపడ్డాను. ఏడ్చే పిల్లాడికి చెస్ట్ ఎక్స్‌రే తీయాలి, తల్లి కడుపుతో ఉంది, వెంట వచ్చిన ముసలాయనకు చేతులు వణుకుతాయి. అప్పుడు గదిలో ఎవరుంటే వాళ్ళను "రామ్మా, చేతులు పట్టుకో" అంటాం. రోజూ ఉండేది ఎవరు? విద్యార్థి. పట్టుకోవలసి వస్తే వెంట వచ్చినవాళ్ళే ఏప్రాన్ వేసుకుని పట్టుకోవాలి. గదిలో పనిచేసే ఒకే మనిషి ప్రతిసారీ పట్టుకోకూడదు. పుస్తకంలో మొదటి ఏడాదే చదివే ముక్క ఇది. నేను నేర్చుకున్న రోజుల్లో మా సీనియర్ డార్క్ రూము తలుపు దగ్గర నిలబడి "పట్టుకోరా" అంటే లెక్కలేనన్ని సార్లు పట్టుకున్నాను.

బ్యాడ్జీ అర్జీ ఆ ఆస్పత్రి తరఫునే ల్యాబుకు వెళ్ళింది, డబ్బు కాలేజీ కట్టింది. వచ్చేదాకా ఆమె పొజిషన్ పెట్టడం, పేషెంటును సిద్ధం చేయడం వరకే. బటన్ నొక్కేటప్పుడు బయటకు రావాలి.

ఉత్తరం

అంతకుముందు మా కాలేజీ ఉత్తరం ఇలా ఉండేది: "మా విద్యార్థులకు తమ ఆస్పత్రిలో శిక్షణ పొందే అవకాశం కల్పించవలసిందిగా ప్రార్థన." ప్రార్థనకు జవాబు వరమన్నా అయి ఉండాలి, మౌనమన్నా అయి ఉండాలి. మాకు ఎక్కువగా మౌనమే వచ్చేది.

ఈసారి నేనే ఒక పేజీ రాశాను. ఒక్కరే వస్తారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఉదయం 9 నుంచి 4 వరకు. మొదటి రెండు వారాలు పేషెంటును పిలవడం, పేరు, చీటీ సరిచూడటం, నగలు తీయించడం, పొజిషన్ పెట్టడం. మూడో వారం నుంచి మీ టెక్నీషియన్ పక్కన నిలబడి ఉంటేనే ఎక్స్‌పోజర్, అంటే బటన్ నొక్కి ఎక్స్‌రే తీయడం. బిల్లింగు కౌంటరు, ఫైళ్ళు మోయడం, టీ తేవడం ఈ పోస్టింగులో భాగం కాదు. బ్యాడ్జీ ఖర్చు మాది, హెపటైటిస్ బి టీకా మాది. ప్రతి శుక్రవారం నేను ఫోన్ చేస్తాను, టెక్నీషియన్‌తో ఐదు నిమిషాలు మాట్లాడతాను.

ప్రిన్సిపాల్ చదివి, "టీ సంగతి రాయాల్నా?" అన్నాడు. రాయాలి అన్నాను. రాసినందుకు ఒక ఆస్పత్రి వద్దంది. అక్కడ టీ ఎవరు తెస్తున్నారో ఆ వద్దుతోనే తెలిసింది.

టీకా గురించి ఒక మాట. హెపటైటిస్ బి మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. పోస్టింగు ముందు రోజు గుర్తొస్తే చేసేదేమీ లేదు. కోర్సులో చేరిన వారంలోనే మొదలుపెట్టాలి. ఈ అమ్మాయికి జులైలో మొదలైంది కాబట్టి సీటీకి వెళ్ళే నాటికి రెండు డోసులే పడ్డాయి. మూడోది పడేదాకా కాన్యులా (రక్తనాళంలో పెట్టే సన్న గొట్టం) జోలికి, సూదుల డబ్బా జోలికి వెళ్ళొద్దని కాగితం మీద రాసిచ్చాను.

చిన్న ఆస్పత్రి

నా మొదటి నిర్ణయం ఆమెకు నచ్చలేదు. కర్నూలులో కాకుండా ఆదోని వైపు ఒక చిన్న ఆస్పత్రికి పంపాను. పాత మిషన్, సీఆర్ రీడరు, ఒకే టెక్నీషియన్, రోజుకు పదిహేను, ఇరవై ఎక్స్‌రేలు. "ఫ్రెండ్సంతా కర్నూల్లో పెద్ద మిషన్ల కాడ ఉండారు సార్, నన్నేమో ఆడికి పంపుతాండారు" అని మొహం చిన్నబుచ్చుకుంది. ఇంటి నుంచి బస్సుకు పోయి రావచ్చు, హాస్టలు డబ్బు మిగులుతుంది అని నచ్చజెప్పాను. అసలు కారణం వేరు. రోజుకు ఇరవై ఎక్స్‌రేలున్న చోట టెక్నీషియన్‌కి ఓపిక ఉంటుంది. రెండొందలున్న చోట ఉండదు. నేర్చుకోవడానికి కావలసింది ఆ ఓపికే.

పాత లాగ్‌బుక్కులో 214 మీద అడ్డంగా గీత కొట్టించాను. కొత్త పుస్తకంలో ఎడమ పేజీ తీసినవాటికి, కుడి పేజీ చెడినవాటికి. ఏది చెడింది, ఎందుకు చెడింది అన్నది అదే రోజు రాయాలి. ఇది నా సొంత అలవాటు, ఏ సిలబస్‌లోనూ లేదు. మొదటి పది రోజుల ఎక్స్‌పోజర్లలో కుడి పేజీ నిండిపోయింది: "భుజం రెక్కలు ఊపిరితిత్తుల మీద పడినాయి." "ఊపిరి పూర్తిగా పీల్చలేదు." "కుడి ఎడమ గుర్తు పెట్టలేదు." "తాయెత్తు తీయించలేదు." "తాయెత్తు తీయించలేదు." తాయెత్తు మళ్ళీ మళ్ళీ వచ్చింది.

టెక్నీషియన్ ఆమెకు నేర్పిన పద్ధతి నాకే కొత్త. ముసలివాళ్ళకు రెండు చేతులూ నడుం మీద పెట్టి మోచేతులు ముందుకు తోయమంటే అర్థం కాదు. తోస్తే వీపు వంగుతుంది. అతను "తాతా, స్టాండును కావలించుకో, సంతలో దూడను పట్టుకున్నట్టు" అంటాడట. భుజాలు వాటంతటవే ముందుకు వస్తాయి, రెక్కలు పక్కకు తొలగుతాయి. ఊపిరికి కూడా "గట్టిగా పీల్చు" అని ఒకేసారి అరిస్తే సగం మంది భుజాలు ఎగరేస్తారు గానీ పీల్చరు. ఒకసారి పీల్పించి, వదిలించి, రెండోసారి పీల్చినప్పుడు ఆపమనాలి. రెండోసారి ఎప్పుడూ ఎక్కువ పీలుస్తారు.

సెప్టెంబరు నెలాఖరుకు కుడి పేజీలో వారానికి రెండు మూడు గీతలే. అక్టోబరులో పద్దెనిమిది నిండాయి. నాకు ఫోన్ చేసి చెప్పింది పుట్టినరోజు అని కాదు, "సార్, ఇంగ రూలు మారింది" అని.

సీటీలో కన్నడం

నవంబరులో కర్నూలు వచ్చింది. సీటీ గది, రాత్రి డ్యూటీ. ఆడపిల్లకు రాత్రి పోస్టింగు ఏంటని కాలేజీలో రుసరుసలాడారు. పగలు సీటీలో నలుగురు టెక్నీషియన్లు, ముందే బుక్ చేసుకున్న కేసులు, చోటు లేదు. రాత్రి ఇద్దరే ఉంటారు, హైవే మీద యాక్సిడెంట్లు వస్తాయి, ఇంకో చెయ్యి కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడ టెక్నీషియన్ ఉన్న వారాలే అడిగాను. తిరిగి వెళ్ళే వేళ తెల్లారి ఏడు, చీకట్లో బయటకు రావలసిన పని లేదు. ఇంట్లో వాళ్ళతో ముందే మాట్లాడాను.

మొదటి రాత్రులు తల సీటీలే. మెడ కాలరు విప్పకుండా, మనిషిని దుంగను దొర్లించినట్టు ఒక్క కదలికలో బల్ల మీదికి మార్చడం, తల వంకర లేకుండా సరిచేయడం, కదలకుండా పట్టీ వేయడం. చూసేవాళ్ళకు ఇదంతా వార్డు బాయ్ పనిలా ఉంటుంది. తల వంకరగా ఉంటే రెండు వైపులా పోల్చి చూడటం కష్టం, రేడియాలజిస్టు కళ్ళు నులుముకోవాలి.

రెండో వారంలో సిరుగుప్ప వైపు నుంచి ఒక పెద్దాయన కడుపునొప్పితో వచ్చాడు. కాంట్రాస్ట్ సీటీ, అంటే రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే సీటీ. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూశారు, ఉబ్బసం, అలర్జీ, షుగరు మాత్రలు అడిగే చీటీ ముందు పెట్టారు. ఆయనకు తెలుగు రాదు. టెక్నీషియన్ "ఊపిరి బిగపట్టు" అంటాడు, ఆయన తల ఊపుతాడు, వదిలేస్తాడు. మిషన్‌లో ముందే ఉన్న గొంతు ఇంగ్లీషులో, హిందీలో చెబుతుంది, ఆయనకు రెండూ ఒకటే. కడుపు సీటీలో ఊపిరి కదిలితే లివర్ అంచు రెండు గీతలుగా కనిపిస్తుంది. కాంట్రాస్ట్ ఎక్కించాక మళ్ళీ మొదటి నుంచి అనడానికి లేదు.

ఈ అమ్మాయి మైకు దగ్గరికి వంగి, "అజ్జా, ఉసిరు తగోళ్రి... హిడ్కొళ్రి... హిడ్కొళ్రి... బిడ్రి" అంది, తాతా, ఊపిరి పీల్చు, పట్టుకో, వదులు అని. ఆలూరు వైపు పిల్లలకు కన్నడం సంతలోనే వచ్చేస్తుంది, ఎవరూ నేర్పరు. పెద్దాయన బల్ల మీద నుంచే "యావూరమ్మా నీను?" అని అడిగాడట. నిజం స్కాను ఎక్కించే ముందు రెండుసార్లు ఉత్తుత్తి సాధన చేయించింది. మరుసటి రోజు టెక్నీషియన్ నాకు ఫోన్ చేసి, "అన్నా, ఆ పిల్లను ఇంగో నెల పెట్టు" అన్నాడు. ఆటో వాయిస్‌లో ఖాళీగా ఉన్న నంబరులో ఆమె గొంతుతో కన్నడం రికార్డు చేసుకున్నారు. ఉర్దూలో ఇంకొకరి చేత "సాఁస్ ఖీంచో, రోకో, ఛోడో" చేయించారు.

దరఖాస్తులో "తెలిసిన భాషలు" అనే గడి నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు వయసు తర్వాత చూసేది అదే. ఆదోని, ఆలూరు పిల్లలను బళ్ళారి పేషెంట్లు ఎక్కువ వచ్చే చోటికి, పాతబస్తీ పిల్లలను ఉర్దూ ఎక్కువ వినిపించే ఓపీకి పంపుతున్నాను.

నా తప్పు

ఎంఆర్‌ఐకి చోటు దొరకడం కష్టం. మిషన్లు తక్కువ, ఒక్కో స్కాను అరగంట, యజమానులకు ప్రతి నిమిషం డబ్బు. జనవరిలో తెలిసినాయన ఒకరు "మా సెంటరుకు పంపన్నా, ఎంఆర్‌ఐ నేర్పిస్తాం" అన్నాడు. పాత పరిచయం. ఉత్తరం పంపలేదు, ఒక పేజీ నియమాలు పంపలేదు. నోటి మాట మీద పంపాను. శుక్రవారం ఫోన్లు కూడా ఆయనకే చేశాను, టెక్నీషియన్‌కి కాదు. "బాగా చేస్తోందన్నా" అనేవాడు.

మూడో వారంలో తెలియని నంబరు నుంచి ఫోన్. వాళ్ళమ్మ. గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే కోతల కాలం వలసకు, పోయి, అక్కడి నుంచి చేసింది. వెనక లారీ శబ్దం.

"సార్, మా పాప ఆడ బిల్లులు రాస్తాందంట గదా. పొద్దున్నించి రాత్రి దాకా కంప్యూటరు ముందర కూచోబెట్టినారంట. అది గూడా చదువేనా సార్? మాకు తెలీక అడుగుతాండా."

వెంటనే జవాబు రాలేదు నాకు. "కాదమ్మా" అన్నాను చివరికి.

"అట్లయితే ఆడ ఎందుకు పెట్టినారు?"

అమ్మాయిని పిలిచి, నాకెందుకు చెప్పలేదని అడిగాను. "మీకు తెలిసినాయన గదా సార్" అంది. బిల్లింగు మనిషి పండక్కి ఊరెళ్ళి తిరిగి రాలేదట. ఎంఆర్‌ఐ గది తలుపు వరకు వెళ్ళింది రెండే సార్లు, రెండుసార్లూ సంతకాల కోసం.

ఆ సాయంత్రమే వెనక్కి తెచ్చాను. ఆయన ఏ మాత్రం నొచ్చుకోలేదు. "సర్టిఫికెట్ ఇస్తాలే అన్నా, మూడు వారాలు ఎంఆర్‌ఐ అని రాసిస్తా" అన్నాడు. వద్దన్నాను. తీసుకుని ఉంటే గంటల లెక్క సరిపోయేది, ప్రిన్సిపాల్‌కి జవాబు చెప్పుకునే బాధ తప్పేది. లాగ్‌బుక్కులో ఆ మూడు వారాలకు ఎదురుగా "బిల్లింగు కౌంటరు, లెక్కలోకి రాదు" అని నా చేత్తో రాశాను. ప్రిన్సిపాల్ ఆ పేజీ చూసి, ఇన్స్‌పెక్షన్‌లో ఇది కనబడితే ఎట్లా అన్నాడు. కనబడాలనే రాశానన్నాను. వారం రోజులు మాట్లాడలేదు నాతో.

అయస్కాంతం గదిలో పిన్నీసులు

ఫిబ్రవరిలో ఇంకో చోట రెండు వారాలే దొరికింది. ఈసారి ఉత్తరంతో. రెండు వారాల్లో ఎంఆర్‌ఐ సీక్వెన్సులు ఎవరూ నేర్చుకోలేరు. అందుకే ఒకటే అడిగాను: తలుపు దగ్గర స్క్రీనింగు మొత్తం ఆమెకు వదలండి, మీ మనిషి వెనక నిలబడితే చాలు.

ఎంఆర్‌ఐ అయస్కాంతానికి స్విచ్ ఆపడం ఉండదు. రాత్రి గది చీకటిగా ఉన్నా అది పనిచేస్తూనే ఉంటుంది. ఇనుప ఆక్సిజన్ సిలిండర్ లోపలికి పోతే ఫిరంగి గుండే. పేస్‌మేకరు, మెదడులో క్లిప్పు, చెవిలో ఇంప్లాంటు, వెల్డింగు పనిలో కంట్లో పడిన రజను, ఇవన్నీ కాగితం చూసి అడిగే ప్రశ్నలు. మన దగ్గర కాగితంలో లేని ప్రశ్న ఒకటుంది. పిన్నీసులు. గాజులకు రెండు, తాళి దారానికి నాలుగు, జాకెట్టుకు ఒకటి. "ఒంటి మీద ఇనుము ఉందా అమ్మా?" అంటే లేదంటారు, అబద్ధం కాదు, పిన్నీసు వాళ్ళ లెక్కలో నగా కాదు, ఇనుమూ కాదు.

ఆమె ప్రశ్న మార్చింది. "పిన్నీసులు ఎన్నున్నాయి?" అని అడిగేది. ఉన్నాయా అని కాదు, ఎన్ని అని. అప్పుడు చెయ్యి దానంతటదే తాళి దగ్గరికి పోతుంది, లెక్క మొదలవుతుంది.

తాళి తీయనన్న ఒక కోడలి దగ్గర అత్త అడ్డం నిలబడింది. టెక్నీషియన్ తీయకపోతే స్కాను లేదు అన్నాడు. గొడవ పెద్దదయ్యేట్టుంది. ఈ అమ్మాయి తన సంచిలోంచి పసుపు కొమ్ము కట్టిన దారం తీసి అత్త చేతిలో పెట్టి, "నువ్వే కట్టవ్వా, ఇది ఉన్నంతసేపు అది నీ కాడ పెట్టుకో" అంది. అత్త కట్టింది, తాళి తీసి కొంగుకు ముడేసుకుంది. నూలు దారం, పసుపు కొమ్ము, రెండింటినీ అయస్కాంతం పట్టించుకోదు. మరి ఆ దారం ముందే సంచిలో ఎందుకుందని అడిగాను. "మొదటి రోజే ఇట్లాంటిది ఒగటి అయ్యింది సార్. ఆరోజు స్కాను కాలేదు, వెనక్కి పోయినారు." అప్పటి నుంచి రోజూ రెండు దారాలు తెచ్చుకుంటోందట.

అల్ట్రాసౌండ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదనే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్టరైన గదిలో, అర్హత ఉన్న డాక్టరు చేసే పని అది. ఇమేజింగ్ విద్యార్థి ప్రోబు పట్టే ప్రశ్నే లేదు. నాలుగు రోజులు పంపాను, గర్భిణులకు ఫారం ఎఫ్ ఎలా నింపుతారో, తప్పు నింపితే ఏమవుతుందో చూసి వచ్చింది. బిడ్డ ఆడో మగో చెప్పమని బయట ఎవరైనా డబ్బు చూపిస్తే ఏం చేయాలని అడిగింది. డాక్టరుకు చెప్పు, ఆ మనిషితో ఇంకో మాట మాట్లాడకు అన్నాను.

మిగిలిపోయినవి

మామోగ్రఫీ, అంటే రొమ్ము ఎక్స్‌రే, ఇప్పించలేకపోయాను. ఆడ టెక్నీషియన్లే కావాలని సెంటర్లు అడుగుతాయి, ఆడ విద్యార్థికి నేర్పడానికి మాత్రం ముందుకు రావు. ఫ్లోరోస్కోపీ పద్దెనిమిది నిండేదాకా ఆపాం, తర్వాత తేదీలు కుదరలేదు. ఆ గదిలో బేరియం మందు తాగించి చేసే పరీక్షలు ఆమె బొమ్మల్లోనే చూసింది. పోయిన మూడు వారాలు తిరిగి రాలేదు, మార్చిలో ఆదివారాలు క్యాజువాల్టీ ఎక్స్‌రేలో నిలబెట్టి కొంత పూడ్చాం.

చివరి లాగ్‌బుక్కులో చెస్ట్ ఎక్స్‌రేలు 163. పాత దానికంటే 51 తక్కువ. కాలేజీ గుమస్తా రెండూ పక్కన పెట్టి చూసి, "ఈ పిల్ల వెనకబడింది గదా సార్" అన్నాడు. కుడి పేజీలు తిప్పి చూపించాను. ఆయనకు అవి మార్కులు తగ్గించే పేజీల్లా కనిపించాయి. నేను వాదించలేదు, సంతకం పెట్టి ఇచ్చాను.

బ్యాడ్జీ రిపోర్టులు ఏప్రిల్లో వచ్చాయి. వయసు తక్కువున్న మూడు నెలలకూ ఆమె పేరుకు ఎదురుగా సున్నా. ఫోటో తీసి ఆమెకు పంపాను. "అంటే నేనేమీ చేయలేదని అనుకోరు గదా సార్?" అని జవాబిచ్చింది.

సోమవారం నుంచి పత్తికొండ పిల్లోడు. 17 ఏళ్ళ 2 నెలలు. తెలిసిన భాషలు: తెలుగు, కొంచెం ఉర్దూ. టీకా రెండో డోసు పడింది. బ్యాడ్జీ అర్జీ నిన్న పంపాను, టీ సంగతి ఉత్తరంలో అలాగే ఉంచాను.